తేడా వస్తే భరించేదెవరు? ఒక పాత కంప్యూటర్ మనిషి అనుభవ పాఠాలు

పంచ్‌కార్డులతో మొదలుపెట్టిన తరం మాది. ఉద్యోగమంతా హైదరాబాద్, సికింద్రాబాద్ కంప్యూటర్ సెంటర్లలోనే గడిచింది. రిటైరయ్యాక కాలనీలో ఎవరి ఫోన్ మొరాయించినా, ఎవరి ల్యాప్‌టాప్ పడకేసినా మా ఇంటి బెల్లే మోగుతుంది. కుర్రాళ్లు సలహా అడగడానికి వస్తారు, పెద్దవాళ్లు భయం చెప్పుకోవడానికి వస్తారు. ఇద్దరికీ నేను చెప్పేది ఒకటే. ఏ సాఫ్ట్‌వేరైనా, ఏ యాపైనా, ఏ యంత్రమైనా ఇంట్లోకి వచ్చేటప్పుడు రెండు ప్రశ్నలు వేసుకోండి. దీనివల్ల సుఖపడేదెవరు? తేడా వస్తే భరించేదెవరు? రెండిటికీ జవాబు మీరే అయితే నిశ్చింతగా వాడండి. సుఖం ఒకరిది, నష్టం ఇంకొకరిది అని తేలితే మాత్రం కాస్త ఆగి ఆలోచించండి. కింద రాసినవన్నీ ఈ రెండు ప్రశ్నల్లోంచి పుట్టినవే.

1. లోపలికి వెళ్లేముందే బయటికి వచ్చే దారి చూసుకోండి

తెలుగు డీటీపీ చేసినవాళ్లకు ఈ సంగతి విడమరచి చెప్పక్కర్లేదు. తొంభైల్లో ఒక్కో కంపెనీ తెలుగు ఫాంటుది ఒక్కో లెక్క. ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలు కూర్చేవారు. తలకట్టు ఒక మీట కింద, కొమ్ము ఇంకో మీట కింద ఉండేవి. అనూ ఫాంట్లలో కంపోజ్ చేసిన పుస్తకాన్ని ఆ ఫాంట్లు లేని మెషీన్‌లో తెరిస్తే ఇంగ్లిష్ అక్షరాలూ గుర్తులూ కలగాపులగంగా కనబడేవి. ఎన్నో చిన్న పత్రికల పాత సంచికలు ఇప్పటికీ అలాంటి ఫైళ్లలోనే చిక్కుకుపోయి ఉన్నాయి. వాటిలో ఒక మాట వెతుకుదామంటే దొరకదు, ఫోన్‌లో చదువుదామంటే కుదరదు.

యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికింది. తిరుమల కృష్ణదేశికాచార్యులు గారు పోతన, వేమన ఫాంట్లు చేసి అందరికీ ఉచితంగా ఇచ్చారు. దారి ఉన్నా చాలామంది పాత అలవాటు వదల్లేదు. ఫాంటు అమ్మినవాడికి డబ్బు ఆరోజే ముట్టింది. ఫైలు తెరుచుకోని బాధ మాత్రం ఇన్నేళ్లూ ప్రచురణకర్తే పడ్డాడు.

ఇప్పుడు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ కొనే కిరాణా వ్యాపారికైనా, క్లినిక్ నడిపే డాక్టరుకైనా నా సలహా ఇదే. డెమో చూపిస్తున్న కుర్రాణ్ణి అక్కడికక్కడే అడగండి: "రేపు మీ సాఫ్ట్‌వేర్ వద్దనుకుంటే నా లెక్కలన్నీ ఎక్సెల్‌లో తీసుకోవచ్చా? ఒకసారి తీసి చూపించు." నీళ్లు నమిలితే ఆ బేరం వదిలేయండి.

2. "సిస్టం ఒప్పుకోవట్లేదు" అంటే ఎవరో ఒప్పుకోవద్దని రాశారన్నమాట

ఈ మాట కౌంటర్ దగ్గర వినని తెలుగువాడు ఉండడు. సిస్టం తనంతట తాను దేన్నీ కాదనదు. ఏ గడిలో ఏముండాలో, ఎన్ని అక్షరాలు పట్టాలో ఎక్కడో ఒక మనిషి కూర్చుని తేల్చాడు. మనలాంటివాళ్లు వస్తారని అతనికి తట్టలేదు, అంతే.

మన పేర్లే చూడండి. మనకు ఇంటిపేరు ముందు వస్తుంది. ఫారం మాత్రం ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ అడుగుతుంది. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో పొడి అక్షరంగా ఉంటుంది, పాన్‌లో వెనక్కి పోతుంది. లక్ష్మిని ఇంగ్లిష్‌లో ఒకచోట కేఎస్‌హెచ్‌తో, ఇంకోచోట ఎక్స్‌తో రాస్తారు. ఇక పాస్‌పోర్ట్‌లో పేరంతా ఒకే గడిలో పడితే అమెరికా వీసా మీద మొదటి పేరు స్థానంలో "ఎఫ్‌ఎన్‌యూ" అని అచ్చవుతుంది. మొదటి పేరు తెలియదని దాని అర్థం. బారసాల చేసి, పళ్లెంలో బియ్యం పోసి పేరు రాయించుకున్న పిల్లాడు అక్కడికి వెళ్లి అనామకుడవుతాడు.

అందుకే పిల్లలకు పదో తరగతి పరీక్ష ఫారం నింపే రోజునే పేరు ఎలా ఉండాలో తేల్చుకోండి. ఆధార్, పాన్, బ్యాంకు, పాస్‌పోర్ట్ అన్నిట్లోనూ అక్షరం పొల్లుపోకుండా అదే పెట్టించండి. సాఫ్ట్‌వేర్ రాసే పిల్లలకు నా విన్నపం: పూర్తి పేరుకు ఒకే పొడవాటి గడి ఇవ్వండి. అది విరగ్గొట్టాల్సిన అవసరం నిజంగా ఉందా అని ఒకసారి ఆలోచించండి. మీకు మిగిలే పది నిమిషాల పనికి ఒక రైతు మండలాఫీసు చుట్టూ ఏడాది తిరుగుతాడు.

3. సెక్యూరిటీ అప్‌డేట్ వెంటనే, హంగుల అప్‌డేట్ నిదానంగా

2018 ఫిబ్రవరిలో మన తెలుగు అక్షరం ఒకటి ప్రపంచంలోని ఐఫోన్లను గడగడలాడించింది. "జ్ఞా" అనే అక్షరం లోపల, దీర్ఘానికి ముందు, కంటికి కనబడని ఒక గుర్తు దూరిన మెసేజ్ వస్తే చాలు, ఆ యాప్ కుప్పకూలేది. నోటిఫికేషన్‌గా వస్తే ఫోన్ మొత్తానికే చిక్కు. మామూలుగా టైప్ చేసుకునే "జ్ఞానం"తో ఏ ఇబ్బందీ లేదు. ఆకతాయిలు ఆ గుర్తు ఉన్న అక్షరాన్నే కావాలని పంచిపెట్టారు. ఆపిల్ అదే నెల 19న ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి సరిదిద్దింది. ఆరోజే అప్‌డేట్ చేసుకున్నవాళ్లు బతికిపోయారు.

ఇలాంటి చిన్న సవరణలు వచ్చిన రోజే వేసుకోవాలి. కొత్త రంగులు, కొత్త మెనూలతో వచ్చే పెద్ద వెర్షన్‌కు మాత్రం రెండు మూడు వారాలు ఆగినా మునిగిపోయేదేమీ లేదు. మొదట దూకినవాళ్లకు తగిలే దెబ్బలు చూసి మనం వెళ్లొచ్చు.

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. అంతమాత్రాన బాగా పనిచేస్తున్న కంప్యూటర్‌ను పాత సామాన్లవాడికి వేసేయకండి. ఉత్తరాలు రాయడం, పాటలు వినడం, పిల్లల చదువు వరకైతే లినక్స్ వేసుకుంటే ఇంకా కొన్నేళ్లు సేవ చేస్తుంది. మన రాష్ట్రాల్లో స్వేచ్ఛ సంస్థవాళ్లు తెలుగులో పనిచేసే లినక్స్‌నే తయారుచేశారు.

4. హార్డ్‌వేర్ దగ్గర ముందు కళ్లు, తర్వాత వేళ్లు, ఆఖర్న పర్సు

ఇంజనీరింగ్ చదివే పక్కింటి పిల్ల ఒకరోజు డెస్క్‌టాప్ పట్టుకుని వచ్చింది. "తాతగారూ, మదర్‌బోర్డు పోయిందట. పన్నెండు వేలవుతుందని షాపులో చెప్పారు."

ఆన్ చేస్తే ఫ్యాన్ తిరుగుతోంది, స్క్రీన్ మాత్రం నల్లగానే ఉంది. పక్క తలుపు తీస్తే లోపల వేలి మందాన దుమ్ము. కరెంటు తీసేసి, రెండు క్లిప్పులూ వెనక్కి వంచి ర్యామ్ బయటికి తీశాను. బంగారు రంగు అంచు మసకబారి ఉంది. పెన్సిల్ చెరిపే రబ్బరుతో ఆ అంచును ఒకే వైపుకు మెల్లగా రుద్ది, పొడి గుడ్డతో తుడిచి, రెండు క్లిప్పులూ టక్కుమనేదాకా నొక్కి పెట్టాను. ఆన్ చేయగానే విండోస్ గుర్తు వచ్చింది. "రబ్బరా తాతగారూ!" అని ఆ పిల్ల నోరెళ్లబెట్టింది. పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ మెట్లెక్కిన ఏ మెకానిక్‌కైనా తెలిసిన చిట్కా ఇది.

మెషీన్ పనిచేయకపోతే వరస ఇది: ముందు ప్లగ్గు, తర్వాత కేబుల్, తర్వాత దుమ్ము, తర్వాత ర్యామ్, ఆ తర్వాతే మిగతావి. పాత ల్యాప్‌టాప్ నత్తనడక నడుస్తుంటే కొత్తది కొనేముందు హార్డ్‌డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డీ వేయించి చూడండి. క్యాబినెట్ తాకితే చెయ్యి జిల్లుమంటుంటే తప్పు ఎక్కువగా ఎర్తింగ్‌ది, ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. బ్యాటరీ ఉబ్బితే మాత్రం మరి ప్రయోగాలు వద్దు, ఆ క్షణమే వాడటం ఆపేయాలి. ఫోన్ రిపేరుకిచ్చేటప్పుడు వీలైతే డేటా తుడిచి ఇవ్వండి. తుడవడం కుదరకపోతే మీ కళ్లముందే పని చేయించుకోండి.

5. తిరిగి తెరిచి చూడని బ్యాకప్ ఉన్నా లేనట్టే

మూడు కాపీలు, రెండు రకాల సాధనాలు, అందులో ఒకటి ఇంటికి బయట. ఈ 3-2-1 సూత్రం ఎంత పాతదైనా దీన్ని మించింది రాలేదు. చాలామంది ఫోన్‌లో ఫోటోలు క్లౌడ్‌తో కలిపి ఉంటే బ్యాకప్ అయిపోయిందనుకుంటారు. సింక్ వేరు, బ్యాకప్ వేరు. సింక్‌లో ఉన్న ఫోటోను మనవడు ఫోన్‌లో చెరిపేస్తే క్లౌడ్‌లోనూ చెరిగిపోతుంది. పెళ్లి వీడియో డీవీడీల్లో భద్రంగా ఉందనుకునేవాళ్లు ఒకసారి బయటికి తీసి చూడండి. డీవీడీ పాడవకపోయినా దాన్ని తిప్పే డ్రైవు మీ ఇంట్లో ఉందా? సంక్రాంతికి ఇల్లు దులిపే రోజున బ్యాకప్ డిస్క్ కూడా తీసి, నాలుగు ఫైళ్లు తెరిచి చూడటం మా ఇంట్లో ఆనవాయితీ.

6. వెబ్ స్క్రేపింగ్: అందుబాటులో ఉన్నదల్లా అప్పనంగా వచ్చింది కాదు

మా మేనల్లుడు మిర్చి వ్యాపారులకు ఒక యాప్ చేద్దామనుకున్నాడు. రాత్రి పదింటికి ఫోన్. "మామయ్యా, గుంటూరు యార్డు ధరలు సైట్‌లోంచి లాగే ప్రోగ్రాం రాశాను. సాయంత్రం దాకా బాగానే వచ్చాయి, ఇప్పుడు అంతా 429 అంటోంది."

"ఎన్నిసార్లు అడుగుతోందిరా నీ ప్రోగ్రాం?"

"సెకనుకు యాభై పేజీలు."

"యార్డులో మిర్చి ధర సెకనుకు యాభైసార్లు మారుతుందా?"

అవతల నిశ్శబ్దం. 429 అంటే సర్వర్ మర్యాదగా "బాబూ, కాస్త ఆగు" అని చెప్పడం. ఆగకపోతే తర్వాత తలుపేస్తుంది. ఒక్కడే యాభైమంది వేషాలు వేసుకుని ఒకే కిటికీ ముందు నిలబడితే వెనక ఉన్న అసలు మనుషుల గతేమిటి? ఇలా సైట్లలోంచి ప్రోగ్రాంతో డేటా లాగే స్క్రేపింగ్‌లో మొదటి నష్టం ఇదే. లాభం ప్రోగ్రాం రాసినవాడిది, కరెంటు బిల్లు సైట్‌వాళ్లది, పేజీ తెరుచుకోక అవస్థ పడేది ఊళ్లో రైతు.

చివరికి తేలిందేమిటంటే, వివిధ మార్కెట్ల రోజువారీ ధరలను కేంద్ర ప్రభుత్వ ఓపెన్ డేటా వేదిక ప్రోగ్రాములు అడిగి తీసుకునే ఏపీఐ రూపంలో నేరుగానే ఇస్తోంది. నమోదు చేసుకుంటే ఒక కీ వస్తుంది, రోజుకు ఒకసారి అడిగితే సరిపోతుంది. వాడు వారం కష్టపడి రాసింది ఒక్క పూట పనైపోయింది.

రోబోట్స్ డాట్ టీఎక్స్‌టీ అనే చిన్న ఫైలు గురించి కూడా కుర్రాళ్లు తెలుసుకోవాలి. ఏ పేజీలు ప్రోగ్రాములు ముట్టుకోకూడదో సైట్ యజమాని అందులో రాసి పెడతాడు. 1994లో మార్టిన్ కోస్టర్ ప్రతిపాదించిన ఈ పద్ధతికి ఇంటర్నెట్ ప్రమాణంగా గుర్తింపు 2022లో గానీ రాలేదు. దానికి తాళం లేదు, కాపలా లేదు. పాటించేవాడి మర్యాద మీదే అది నడుస్తోంది.

చట్టం సంగతికొస్తే, మన ఐటీ చట్టం 2000లోని 43వ సెక్షన్ ప్రకారం యజమాని అనుమతి లేకుండా కంప్యూటర్‌లోంచి డేటా దించుకున్నా, కాపీ చేసినా నష్టపరిహారం కట్టాల్సి రావచ్చు. అమెరికాలో లింక్‌డ్ఇన్ మీద హైక్యూ అనే కంపెనీ వేసిన దావా ఏళ్ల తరబడి నడిచింది. అందరికీ కనిపించే పేజీలు తీసుకోవడం హ్యాకింగ్ నేరం కాకపోవచ్చని అక్కడి అప్పీలు కోర్టు 2019లో, మళ్లీ 2022లో అంది. అయినా సైట్ షరతులు ఉల్లంఘించిందన్న అంశం మీద చివరికి హైక్యూనే దెబ్బతింది. కనబడుతోంది కాబట్టి తీసుకోవచ్చనే వాదన అంత దూరమే నడుస్తుంది.

ప్రోగ్రాములు ఎగబడితే ఏమవుతుందో చూడటానికి మనకు దగ్గరి ఉదాహరణ తత్కాల్ టికెట్. ఏసీకి పొద్దున 10 గంటలకు, మామూలు తరగతులకు 11కు బుకింగ్ తెరుస్తారు. పండక్కి ఊరెళ్లాలని వేలితో క్యాప్చా కొట్టేవాడు అక్షరాలు పూర్తిచేసేలోగా బాట్లు టికెట్లు ఎగరేసుకుపోయేవి. ఆన్‌లైన్‌లో తత్కాల్ కావాలంటే ఆధార్‌తో ధ్రువీకరించిన ఖాతా ఉండాలని రైల్వే 2025 జులై 1 నుంచి నిబంధన పెట్టింది. కొందరి తెలివితేటలకు తత్కాల్ కొనేవాళ్లంతా ఆధార్ చూపించాల్సి వచ్చింది.

కాబట్టి స్క్రేపింగ్ రాసే పిల్లలు గుర్తుంచుకోవాల్సినవి: ముందు ఏపీఐ ఉందేమో వెతకండి. నిదానంగా అడగండి. ప్రోగ్రాం ఎవరిదో తెలిసేలా పేరూ చిరునామా పెట్టండి. లాగిన్ దాటి లోపలికి పోకండి. ధరలు, వానలెక్కలు, రైలు వేళలు తీసుకోండి గానీ మనుషుల వివరాల జోలికి వెళ్లకండి. ఎందుకో వచ్చే పాఠంలో చెబుతాను.

7. విడివిడిగా ఏ వివరమూ ప్రమాదం కాదు, కలిపితేనే ముప్పు

ఇల్లు రిజిస్ట్రేషన్ చేయించినప్పుడు దస్తావేజు మీద వేలిముద్రలు వేస్తాం. ఆధార్ నంబరు రాస్తాం. పారదర్శకత కోసం ఆ దస్తావేజుల కాపీలను ఆన్‌లైన్‌లో అందుబాటులో పెట్టారు. ఉద్దేశం మంచిదే. భూమి కొనేవాడు ముందే చూసుకోవచ్చు.

2018లో తెలంగాణలో బయటపడ్డ కేసు గుర్తుందా? సిమ్ కార్డులు అమ్మే ఒక వ్యక్తి ఆ కాపీలు డౌన్‌లోడ్ చేసుకున్నాడు. వాటి మీది వేలిముద్రలతో నకిలీ ముద్రలు తయారుచేశాడు. అదే కాగితం మీది ఆధార్ నంబరుకు ఆ ముద్ర జతచేసి వేల సిమ్‌లు యాక్టివేట్ చేశాడు. తర్వాతి కాలంలో వేలిముద్రతో డబ్బు తీసే ఏఈపీఎస్‌లోనూ ఇదే తరహా మోసాలు బయటపడ్డాయి. ఓటీపీ రాదు, పిన్ అడగదు, ఖాతాలో డబ్బు మాత్రం మాయమవుతుంది.

ఇందులో అతను పగలగొట్టిన తాళం ఏదీ లేదు. ముద్ర ఒక శాఖ దగ్గర, నంబరు ఇంకో శాఖ దగ్గర పుట్టాయి. రెండూ ఒకే కాగితం మీద కలిశాయి, ఆ కాగితం అందరికీ అందింది. పాస్‌వర్డ్ పోతే మార్చుకుంటాం. వేలు మార్చుకోలేం.

మీరు చేయాల్సినవి మూడు. ఎం-ఆధార్ యాప్‌లో గానీ, ఆధార్ సంస్థ వెబ్‌సైట్‌లో గానీ బయోమెట్రిక్ లాక్ పెట్టుకోండి. అవసరమైన రోజు తెరిచి, పని కాగానే మళ్లీ మూసేయొచ్చు. రేషన్‌కో పింఛనుకో వేలిముద్ర వేయాల్సిన పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే వాళ్లకు ఆ తెరవడం మూయడం మీరే చేసిపెట్టండి. హోటల్లో, అద్దింటి దగ్గర ఆధార్ అడిగితే చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ కాపీ ఇవ్వండి. జిరాక్స్ ఇవ్వక తప్పనిచోట ఏ పనికి, ఎవరికి, ఏ తేదీన ఇస్తున్నారో అక్షరాల మీదుగా అడ్డంగా రాసి సంతకం పెట్టండి.

8. "నా దగ్గర దాచుకునేదేముంది?" అనేవాళ్లకు

మా వాకింగ్ బృందంలో ఈ మాట రోజూ వింటాను. అన్నవాళ్లను నేను అడిగేది ఒకటే: "అయితే మీ ఫోన్ అన్‌లాక్ చేసి ఇక్కడ బల్లమీద పెట్టి ఒక రౌండు కొట్టి రండి." ఇంతవరకూ ఎవరూ పెట్టలేదు.

ప్రైవసీ కోసం 2012లో సుప్రీంకోర్టు మెట్లెక్కిన మనిషి కుర్రాడు కాదు. జస్టిస్ పుట్టస్వామి కర్ణాటక హైకోర్టు మాజీ న్యాయమూర్తి, అప్పటికే ఎనభై దాటినవారు. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా గోప్యత ప్రాథమిక హక్కేనని తేల్చారు. ఆ తొమ్మిదిమందిలో మన కృష్ణా జిల్లాకు చెందిన జస్టిస్ చలమేశ్వర్ ఉన్నారు. తర్వాత ఆంధ్రప్రదేశ్ గవర్నర్‌గా వచ్చిన జస్టిస్ అబ్దుల్ నజీర్ కూడా ఉన్నారు.

హక్కు కాగితం మీద ఉంటే చాలదు, కౌంటర్ దగ్గర నోరు విప్పాలి. బిల్లు వేసేటప్పుడు ఫోన్ నంబరు ఇవ్వాల్సిందేనని కొనుగోలుదారులను ఒత్తిడి చేయవద్దని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 మేలో దుకాణాలకు సూచించింది. "నంబరు వద్దమ్మా, బిల్లు ఇవ్వు" అంటే ఏ బిల్లూ ఆగదు.

లోన్ యాప్‌ల విషయంలో ఇంకా గట్టిగా ఉండాలి. అయిదు వేలు అప్పిచ్చి ఫోన్‌లోని నంబర్లన్నీ లాక్కుని, అత్తగారికీ ఆఫీసు బాసుకూ అసభ్యపు మెసేజ్‌లు పెట్టిన దుర్మార్గాలు 2020లో హైదరాబాద్‌లోనే ఎన్నో బయటికొచ్చాయి. ప్రాణాలు తీసుకున్నవాళ్లున్నారు. అప్పు యాప్‌లు ఫోన్‌లోని కాంటాక్టులు, ఫైళ్లు, కాల్ లాగ్ జోలికి వెళ్లకూడదని రిజర్వ్ బ్యాంకు 2022లో మార్గదర్శకాలిచ్చింది. కాంటాక్టులు అడిగిన అప్పు యాప్‌ను అక్కడికక్కడే తీసేయండి. మీరు "అనుమతించు" నొక్కితే అమ్ముడుపోయేది మీ ఒక్కరి నంబరే కాదు, మిమ్మల్ని నమ్మి నంబరిచ్చిన అందరిదీ.

2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి, దశలవారీగా అమల్లోకి వస్తాయి. అందులో ఒక మెలిక ఉంది. మీ అంతట మీరు బహిరంగంగా పెట్టిన వివరాలకు ఆ చట్టం వర్తించదు. మనవరాలి పుట్టినరోజు, బడి పేరు, ఇంటి ఫోటో అందరికీ కనిపించేలా పెట్టే తాతయ్యలు ఈ సంగతి గమనించాలి.

9. తొందరపెట్టేవాడే మోసగాడు

మోసాల పద్ధతులు నెలనెలా మారతాయి గానీ తొందరపెట్టడం మాత్రం మారదు. "ఇప్పుడే", "ఎవరికీ చెప్పొద్దు", "లైన్ కట్ చేయొద్దు" అన్న మూడు మాటల్లో ఏది వినబడినా ఫోన్ పెట్టేయండి. ఫోన్‌లోనే అరెస్ట్ చేశామని బెదిరించే డిజిటల్ అరెస్ట్ అనేది మన చట్టాల్లో ఎక్కడా లేదు. డబ్బు తీసుకోవడానికి యూపీఐ పిన్ అక్కర్లేదు, పంపడానికే కావాలి. వాట్సాప్‌లో పెళ్లి శుభలేఖ పేరుతో ఏపీకే అనే యాప్ ఫైలు వస్తే పెళ్లికొడుకు మీ సొంత మేనల్లుడైనా తెరవకండి. డబ్బు పోయిందని తెలిసిన నిమిషంలోనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. సిగ్గుపడి కూర్చున్న ప్రతి గంటా ఆ డబ్బు ఇంకో ఖాతాకు దాటిపోతుంటుంది.

10. ఏఐని అడగండి, కొలత మాత్రం సరిచూసుకోండి

ఏఐ అంటే నాకు భయం లేదు, భక్తీ లేదు. ఉత్తరం రాయించుకుంటాను, పాత ప్రోగ్రాములు విప్పి చెప్పించుకుంటాను. అది మాటల వరసను ఊహించే యంత్రం. తెలియని సంగతి కూడా తడబడకుండా చెబుతుంది. మిర్చి తోటలో తామర పురుగుకు ఏ మందు అని అడగడంలో తప్పులేదు. లీటరుకు ఎన్ని మిల్లీలీటర్లు అన్నది మాత్రం డబ్బా మీది లేబుల్ చూసో, వ్యవసాయ అధికారిని అడిగో కలపాలి. తప్పు చెప్పిన యంత్రానికి పంట పోదు.

తెలుగులో ఇది ఇంగ్లిష్‌లోలా నడవకపోవడానికి కారణాలున్నాయి. ఈ యంత్రాలు మాటల్ని టోకెన్లనే ముక్కలుగా చేసుకుని చదువుతాయి. ఓపెన్‌ఏఐ 2024 మేలో జీపీటీ-4ఓ విడుదల చేస్తూ ఒకే చిన్న పేరాను వివిధ భాషల్లో లెక్కగట్టి చూపింది. తెలుగులో అంతకుముందు 159 టోకెన్లు పట్టేది, కొత్తదానిలో 45కు తగ్గింది. అదే పేరాకు ఇంగ్లిష్‌లో అంతకుముందే 27, కొత్తదానిలో 24. టోకెన్ల లెక్కన డబ్బు కట్టే కంపెనీకి అప్పటిదాకా తెలుగు ఎంత భారమో చూడండి. దారి ఒకటుంది. మంచి తెలుగు పాఠం యూనికోడ్‌లో ఎంత పెరిగితే ఈ యంత్రాల తెలుగు అంత మెరుగుపడుతుంది. మొదటి పాఠంలో చెప్పిన ఆ పాత ఫైళ్ల చెర విడిపించడానికి ఇంతకన్నా మంచి కారణం ఉండదు. రాసినవారి అనుమతితోనే సుమా.

ఇంకో పక్క కూడా చూడాలి. 2023 నవంబరులో నటి రష్మిక ముఖాన్ని వేరొకరి వీడియోకు అతికించి దేశమంతా తిప్పారు. ఆమెకు ఆ కష్టం వస్తే కేసైనా అయింది. ఊళ్లో డిగ్రీ చదివే పిల్లకు వస్తే? గొంతు కూడా ఇప్పుడు నకలు చేస్తున్నారు. అందుకే ఇంట్లో అందరికీ తెలిసిన ఒక గుర్తుమాట పెట్టుకోండి. "నాన్నా, యాక్సిడెంటైంది, డబ్బు పంపు" అని కొడుకు గొంతే వినిపించినా ముందు ఆ మాట అడగండి.

11. పరుగు అందరిదీ, పునాది మీది

1998లో సైబర్ టవర్స్ తెరిచినప్పుడు ఊరంతా అటే చూసింది. వైటూకే రోజుల్లో అమీర్‌పేట మైత్రీవనం చుట్టూ కోబాల్ బోర్డులే. మెమరీ మిగల్చాలని సంవత్సరానికి రెండంకెలే వాడిన పాత ప్రోగ్రాములను సరిచేయడానికి మనవాళ్లు విమానాలెక్కారు. 2000 దాటగానే ఆ బోర్డులు దిగిపోయాయి, జావా బోర్డులు ఎక్కాయి. ఇప్పుడు ఏఐ బోర్డులు. అమరావతిలో క్వాంటమ్ వ్యాలీ అంటున్నారు, రేపు ఆ బోర్డులూ వస్తాయి. రానివ్వండి. ప్రోగ్రాం ఎక్కడ తప్పుతోందో ఓపికగా వెతకడం, లెక్క సరిచూడటం, వాడేవాడి స్థానంలో కూర్చుని ఆలోచించడం వచ్చినవాణ్ణి ఏ బోర్డు మారినా ఎవరూ ఇంటికి పంపలేదు. కోర్సుకు లక్షలు కట్టేముందు ఈ మూడూ వచ్చాయో లేదో చూసుకోమని పిల్లలకు చెబుతాను.

ఇక చదివేవారికి ఒక మనవి. ఇన్ని పాఠాలు ఒకేసారి పాటించక్కర్లేదు. ఈ ఆదివారం నాలుగు పనులు చేయండి. ఇంట్లో అందరి ఆధార్ బయోమెట్రిక్ లాక్ చేయండి. ఫోటోలు ఒక డిస్క్‌లోకి ఎక్కించి, తీసి చూడండి. ఎవరికీ అక్కర్లేని యాప్‌లు ఫోన్‌లోంచి తీసేయండి. 1930 అంకెలు పెద్దగా రాసి ఫ్రిజ్ తలుపు మీద అంటించండి. వచ్చే ఆదివారం ఇవే నాలుగు పనులు ఫోన్ సరిగా చూడటం రాని పక్కింటి పెద్దవాళ్లకు చేసిపెట్టండి.